తీగ లాగితే: ఎవరి సంతకం వరకు ఉంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే ప్రశ్న, రకరకాల వేషాల్లో. "పంపాను, అందలేదు. మధ్యలో ఏమైంది?" అందుకని ఏ ఫోను కొనాలి, చార్జర్ ఎందుకు వేడెక్కుతుంది లాంటి ప్రశ్నలన్నీ వచ్చే నెలకు పక్కన పెట్టాను. రాసినవారు కోపగించుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నెట్‌వర్క్ ఏడు పొరల పేర్లు పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ అప్పజెప్పగలను. కానీ నా ల్యాప్‌టాప్‌లో ఆ పొరలు ఎక్కడ ఉన్నాయో ఎవరూ చూపించలేదు. ఒక సందేశం ఒక్కో పొర దాటడాన్ని కళ్ళతో చూడవచ్చా?
— విద్యార్థిని, వరంగల్

జవాబు: చూడవచ్చమ్మా. చూడాలి కూడా. ముందు ఒక మాట. ఆ ఏడు పొరల చిత్రం 1984లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఖాయం చేసినది. నీ ల్యాప్‌టాప్‌లో నడిచేది అంతకు మూడేళ్ళ ముందే, 1981లో, రాతకెక్కిన టీసీపీ, ఐపీ అనే నియమాల జంట. ఐపీ చిరునామా చూసి చేరవేస్తుంది, టీసీపీ అందినట్టు రసీదు చూసుకుంటుంది. కాబట్టి సెషన్ పొర ఏది, ప్రెజెంటేషన్ పొర ఏది అని వెతుక్కుంటూ కూర్చోకు. పరీక్ష పేపర్లో ఉన్నంత స్పష్టంగా అవి మరెక్కడా ఉండవు.

మా నాన్నగారు రైల్వే తపాలా విభాగంలో సార్టరు. రాత్రి రైలులో నిలబడి ఉత్తరాలు వేరుచేసేవారు. ఉత్తరం కవరులో ఉంటుంది. ఒకే ఊరికి పోయే కవర్లన్నీ ఒక కట్ట. కట్టలన్నీ ఒక సంచి. సంచి మూతికి సీలు, దాని మీద ఊరి పేరున్న చీటీ. సంచి మోసేవాడికి కవరు మీద ఎవరి పేరుందో అక్కర్లేదు, చీటీ చాలు. నీ పొరలు అవే. ఒక్కో పొర తన పైనుంచి వచ్చినదాన్ని విప్పి చూడకుండా దానికి ఒక తొడుగు వేసి కిందికి ఇస్తుంది.

ఇప్పుడు ప్రయోగం. లినక్స్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు తీసుకో, ఒకటి నీది, ఒకటి స్నేహితురాలిది. వైఫై కాకుండా కేబుల్‌తో కలిపితే మేలు. రెండింటి మీదా నెట్‌క్యాట్ అనే చిన్న ప్రోగ్రామ్ నడుపు, ఒకటి వినడానికి, ఒకటి పంపడానికి. నీ వైపు "బాగున్నారా" అని తెలుగులో టైప్ చేసి ఎంటర్ నొక్కు.

కంటికి అవి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు బ, దీర్ఘం, గ, కొమ్ము, న, పొల్లు, న, దీర్ఘం, ర, దీర్ఘం అని పది. ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం ముప్పై. ఎంటర్ మీట కూడా ఒక బైటే. ముప్పై ఒకటి.

ఇప్పుడు నాలుగు చోట్ల కాపు కాయాలి. మొదటి చోటు, నీ ప్రోగ్రామ్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య గడప. అక్కడ ఎస్‌ట్రేస్ అనే పనిముట్టు కూర్చుంటుంది. ప్రోగ్రామ్ లోపలికి ఇచ్చిన ముప్పై ఒక్క బైట్లనూ చూపిస్తుంది. అయితే తెలుగు అక్షరాలుగా కాదు. "బ" అనేది 340 260 254 అని ఎనిమిది మూలంగా రాసిన అంకెల్లో కనిపిస్తుంది. ఎస్‌ట్రేస్ మామూలుగా ముప్పై రెండు బైట్ల వరకే చూపించి మిగతాది చుక్కలు పెట్టేస్తుంది. నీ మాట ఒక్క బైటు తేడాతో గట్టెక్కింది. "బాగున్నారా అండీ" అని రాసి ఉంటే తోక తెగేది.

రెండో చోటు, నీ నెట్‌వర్క్ కార్డుకు కాస్త పైన. అక్కడ వైర్‌షార్క్ నడుపు. వచ్చేపోయే ప్యాకెట్లను, అంటే తొడుగులన్నీ వేసుకున్న సందేశాలను, పట్టి చూపించే పనిముట్టు అది. 1998లో జెరాల్డ్ కూంబ్స్ దీన్ని ఈథీరియల్ అన్న పేరుతో విడుదల చేశాడు. 2006లో ఆయన ఉద్యోగం మారితే పేరు మీద హక్కు పాత సంస్థ దగ్గరే ఉండిపోయింది, పనిముట్టు కొత్త పేరు పెట్టుకుంది. అందులో నీ సందేశం 97 బైట్లుగా కనిపిస్తుంది. లెక్క చూడు. నీ మాట 31. టీసీపీ తొడుగు 32. పుస్తకంలో 20 అని ఉంటుంది, కానీ లినక్స్ కాలముద్ర వేసే వీలు కోసం ఇంకో 12 చేరుస్తుంది. ఐపీ తొడుగు 20. కేబుల్ మీద ప్రయాణానికి వేసే ఈథర్‌నెట్ తొడుగు 14. మొత్తం 97. ఈ కూడిక నీ చేత్తో ఒక్కసారి చేశావంటే పొరలు ఇక జన్మలో మరచిపోవు. అదే "బ" ఇక్కడ పదహారు మూలంగా ఈ0 బీ0 ఏసీ అని ఉంటుంది. 340 260 254 అన్నా అదే. మనిషి ఒకడే, వేరే ఊళ్ళో వేరే పేరుతో పిలుస్తున్నారు.

మూడో చోటు స్నేహితురాలి కార్డు దగ్గర, నాలుగోది ఆమె ప్రోగ్రామ్ గడప దగ్గర. నాలుగింటిలోనూ అవే ముప్పై ఒక్క బైట్లు దొరికితే సందేశం పూర్తిగా చేరినట్టు. ఎక్కడ కనిపించడం మానేసిందో, ఆ చోటుకూ దాని ముందు చోటుకూ మధ్యనే నీ దొంగ ఉన్నాడు. తపాలా సంచి పోయినప్పుడు మా నాన్నగారి విభాగంలో విచారణ ఇలాగే సాగేదట: సంచులు చేతులు మారిన ప్రతిచోటా జాబితా మీద సంతకం ఉంటుంది, ఎవరి సంతకం వరకు ఉంది? అక్కడ మొదలుపెట్టు. రైలంతా వెతకవద్దు.

రెండు విషయాలు నిన్ను కంగారు పెడతాయి, ముందే చెబుతాను. నీ వైపునుంచి వెళ్ళే ప్యాకెట్లలో చెక్‌సమ్, అంటే బైట్లు దారిలో చెడిపోలేదని సరిచూసుకునే లెక్క, తప్పని వైర్‌షార్క్ చెప్పవచ్చు. అది తప్పు కాదు. ఆ లెక్క వేసే పనిని ఈ కాలపు కార్డులు తమ మీద వేసుకున్నాయి. నువ్వు చూస్తున్నది కార్డుకు పైన, లెక్క పడేది కార్డులో. అలాగే పెద్ద ఫైలు పంపితే ఈథర్‌నెట్ హద్దయిన 1500 బైట్లకు మించిన ప్యాకెట్లు కనిపిస్తాయి. కోసే పని కూడా కార్డుదే. ఏ గడప దగ్గర నిలబడి చూస్తున్నావో ఆ గడప దగ్గరి నిజమే నీకు తెలుస్తుంది.

ఇంకో ప్రయోగం, ఇది నాకు చాలా ఇష్టం. స్నేహితురాలి నెట్‌క్యాట్‌ను కంట్రోల్, జెడ్ మీటలు కలిపి నొక్కి నిద్రపుచ్చు. ఇప్పుడు నువ్వు మళ్ళీ "బాగున్నారా" అని పంపు. ఆమె తెర మీద ఏమీ రాదు. కానీ వైర్‌షార్క్‌లో చూడు, అవతలి నుంచి "అందింది" అని రసీదు వచ్చే ఉంటుంది! ఎవరు ఇచ్చారు? ఆమె ప్రోగ్రామ్ కాదు, అది నిద్రలో ఉంది. ఆమె ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చింది. వాకిట్లో వాచ్‌మన్ సంతకం చేసి ఉత్తరం పుచ్చుకున్నట్టు. ఇంట్లోవారు చదివారని ఆ సంతకానికి అర్థం కాదు. వాట్సాప్‌లో ఒక టిక్కు, రెండు టిక్కులు, నీలి టిక్కులు అని వేరువేరుగా పెట్టింది ఇందుకే.

ప్రశ్న: మా పాల ఉత్పత్తిదారుల సంఘం సభ్యులకు ఎస్ఎంఎస్‌లు పంపుతాం. "రేపు ఉదయం 8 గంటలకు పాలకవర్గ సమావేశం. సభ్యులందరూ తప్పక హాజరు కావాలి." అని పంపినప్పుడు ఒక్కో సభ్యుడికి ఒక ఎస్ఎంఎస్ లెక్క పడింది. ఈసారి చివర "అధ్యక్షులు" అని ఒక్క మాట చేర్చాం. ఖర్చు రెట్టింపయింది. ఇది మోసమా?
— సంఘం కార్యదర్శి, చిత్తూరు జిల్లా

జవాబు: మోసం కాదు, తెలుగు. ఎస్ఎంఎస్ సంచిలో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కోటి ఏడు బిట్లలో ఇమిడి 160 పడతాయి. తెలుగు రాస్తే ఒక్కో గుర్తుకు రెండు బైట్లు, అంటే 70 మాత్రమే. గుణింతాలూ, పొల్లులూ, ఖాళీలూ అన్నీ లెక్కలోకి వస్తాయి. మీ మొదటి సందేశం వేళ్ళ మీద లెక్కపెట్టాను: 67. గట్టెక్కింది. "అధ్యక్షులు" అంటే అ, ధ, పొల్లు, య, క, పొల్లు, ష, కొమ్ము, ల, కొమ్ము, పది. ముందున్న ఖాళీతో పదకొండు. మొత్తం 78. డెబ్బై దాటింది కాబట్టి రెండు సంచులు. పైగా రెండైనప్పుడు "ఇది రెండింటిలో మొదటిది" అన్న చీటీ కూడా లోపలే పెట్టాలి కనుక ఒక్కోదానిలో 67 గుర్తులకే చోటు మిగులుతుంది. అధ్యక్షుల వారు ఏమీ అనుకోకపోతే ఆ మాట తీసేయండి.

మీరు ఉత్తరం చివర అడిగినది కూడా ఇందులోదే. కొందరికి పంపే మెయిల్‌లో తెలుగు బదులు, తల మీద గీత ఉన్న ఇంగ్లీషు "ఎ", దాని పక్కన ఉష్ణోగ్రతకు పెట్టే డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే "ఎ" అని వరుసగా వస్తున్నాయన్నారు కదా. సందేశం చెక్కుచెదరకుండా చేరింది. వరంగల్ అమ్మాయికి చెప్పిన ఈ0, బీ0 ఇవే. మూడు బైట్లు కలిపి ఒక తెలుగు గుర్తుగా చదవవలసిన ప్రోగ్రామ్, ఒక్కో బైటునూ ఒక్కో పడమటి అక్షరంగా చదివింది. దారిలో పోయింది ఏమీ లేదు. చదివేవాడికి తప్పుడు కళ్ళద్దాలు, అంతే.

ప్రశ్న: తెనాలిలో మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. గోదాము ఊరి బయట. ఇంటర్నెట్ కనెక్షన్ మార్చినప్పటి నుంచి ఒక విచిత్రం. గోదాములో సరుకు ఎంత ఉందో అడిగితే తెర మీద వెంటనే వస్తుంది. చిన్న బిల్లులు వెళ్తాయి. పెద్ద బిల్లు పంపితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, చివరికి ఆగిపోతుంది. ప్రోగ్రామ్ రాసినవారు నెట్‌వర్క్ తప్పంటారు. నెట్‌వర్క్ వారు "పింగ్ వెళ్తోంది కదా" అంటారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను.
— వ్యాపారి, తెనాలి

జవాబు: మీ ఉత్తరం చదవగానే నాకు 2003 గుర్తొచ్చింది. తంతి కార్యాలయంలో టెలిప్రింటర్ల దగ్గర మొదలైన నా ఉద్యోగం అప్పటికి హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు చేరింది. ఒక చోట మేము పెట్టిన వ్యవస్థలో లాగిన్ అవుతోంది, చిన్న ప్రశ్నలకు జవాబు వస్తోంది, నెలాఖరు నివేదిక అడిగితే మాత్రం నిలిచిపోతోంది. రెండు రాత్రులు అక్కడే. మొదటి రాత్రంతా మా ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాను. అదీ నా తెలివి.

రెండో రాత్రి రెండు వైపులా ఒకేసారి ప్యాకెట్లు పట్టాం. ఇటు వైపు చూస్తే 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి వెళ్తోంది. రసీదు రాలేదు, మళ్ళీ అదే వెళ్తోంది. కాస్త ఆగి మళ్ళీ అదే. ప్రతిసారీ ఆగే వ్యవధి రెట్టింపవుతోంది, తలుపు కొట్టి కొట్టి విసిగిపోయిన మనిషిలాగా. అటు వైపు పట్టినదానిలో ఆ ప్యాకెట్ ఒక్కసారి కూడా లేదు. చిన్నవన్నీ ఉన్నాయి. అంటే ఇటు గుమ్మం దాటింది, అటు గుమ్మానికి చేరలేదు, పెద్దది మాత్రమే. ప్రోగ్రామ్ నిర్దోషి అని ఆ నిమిషంలో తేలిపోయింది. తెల్లవారుజామున టీ ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

కారణం ఇది. ఈథర్‌నెట్ మీద ఒక ప్యాకెట్ 1500 బైట్ల వరకు ఉండవచ్చు. దారిలో ఎక్కడైనా ఇంకో తొడుగు వేసే ఏర్పాటు ఉంటే ఆ మేరకు చోటు తగ్గుతుంది. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు వాడే పీపీపీఓఈ పద్ధతి 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేది 1492. రెండు చోట్లనూ కలిపే రహస్య సొరంగం లాంటిది ఉంటే ఇంకా తగ్గుతుంది. పట్టని ప్యాకెట్ వస్తే రౌటర్ దాన్ని పారవేసి, "ఇది పెద్దది, ఇంత సైజులో పంపు" అని పంపినవాడికి చీటీ రాయాలి. 1990లో కుదిరిన పద్ధతి అది. ఆ చీటీ వెళ్ళేది ఐసీఎంపీ అనే దారిలో. దురదృష్టం ఏమిటంటే భద్రత పేరుతో కొందరు ఐసీఎంపీ మొత్తాన్నీ మూసేస్తారు. ప్యాకెట్ చస్తుంది, చావు కబురు రాదు. మా కథలో జరిగింది అదే. మూసినాయన మంచి మనిషి, మంచి ఉద్దేశంతోనే మూశాడు.

ఇక "పింగ్ వెళ్తోంది" అన్న మాట సంగతి. పింగ్ అంటే అవతలి యంత్రం పలుకుతుందా అని పంపి చూసే చిన్న ప్యాకెట్. విండోస్‌లో మామూలు పింగ్ మోసేది 32 బైట్లు. సైకిలు వంతెన దాటింది కాబట్టి లారీ కూడా దాటుతుందని అనడం ఇది. నేను ఫోనులో చెప్పినట్టు మీ అబ్బాయి చేసిన పరీక్ష సరైనది: ముక్కలు చేయవద్దని చెప్పే "ఎఫ్" గుర్తు, సైజు చెప్పే "ఎల్" గుర్తు పెట్టి పింగ్ చేయడం. 1472తో మొదలుపెట్టమన్నాను, ఎందుకంటే పింగ్ తొడుగు 8, ఐపీ తొడుగు 20 కలిపితే సరిగ్గా 1500. అది పోలేదు. తగ్గించుకుంటూ వస్తే 1372 పోయింది, 1373 పోలేదు. పోనప్పుడు "ముక్కలు చేయాలి" అన్న సమాధానం రాలేదు, "సమయం మించిపోయింది" అని మాత్రమే వచ్చింది. అంటే మీ దారి వెడల్పు 1400 బైట్లు, ఆ సంగతి చెప్పవలసిన చీటీని ఎవరో మింగేస్తున్నారు.

నెట్‌వర్క్ వారికి ఈ ఉత్తరం చూపించి రెండు పనులు అడగండి. రెండు వైపుల రౌటర్లలోనూ టీసీపీ ముక్క గరిష్ఠ పరిమాణాన్ని 1360కి బిగించమనండి. 1400లో ఐపీకి 20, టీసీపీకి 20 పోగా మిగిలేది అదే. దానితో మీ బిల్లులు ఈ రోజే కదులుతాయి. రెండోది, ఐసీఎంపీలో ఆ ఒక్క రకం చీటీనైనా వదలమనండి. మొదటిది మందు, రెండోది పథ్యం. ప్రోగ్రామ్ రాసినవారికి మాత్రం ఒక కాఫీ ఇప్పించండి, చాలా తిట్లు తిన్నారు.

ప్రశ్న: అమ్మా, నేను పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారిని. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఉదయం 7.10కి మెయిల్ పంపానన్నాడు. నాకు సాయంత్రం 6.08కి వచ్చింది. పదకొండు గంటలు అది ఎక్కడ తిరిగింది? మనవరాలు మెయిల్ తల భాగం తెరిచి చూపిస్తే అందులోని వరుసలు చేత్తో రాసి పంపుతున్నాను.
— రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, మీ చేతిరాత చూసి ముచ్చటేసింది. ఒక్క కామా కూడా వదలలేదు. ఆ వరుసలు తపాలా ముద్రలు. మెయిల్‌ను అందుకున్న ప్రతి సర్వర్ తన ముద్రను పైన వేస్తుంది. అందుకే మొదటి ముద్ర అన్నింటికీ అడుగున ఉంటుంది. మీరు పై నుంచి చదివారు. కింది నుంచి చదవండి.

అడుగున 07:10:22, పక్కన మైనస్ 0500 అని ఉంది. ప్రపంచ ప్రామాణిక కాలానికి అయిదు గంటలు వెనక అని, డాలస్ వేసవి లెక్క. దాని పైన 07:10:24, అదే మైనస్ 0500. రెండు సెకన్లే. దాని పైన 12:10:25, పక్కన సున్నాలు. అయిదు గంటలు పోయాయని మీరు ఎర్ర సిరాతో గీత గీశారు కానీ, మైనస్ అయిదును సరిచేస్తే అది కేవలం ఒక సెకను తర్వాత. అన్నింటికన్నా పైన 18:08:03, ప్లస్ 0530, మన కాలం. అయిదున్నర తీసేయండి, 12:38:03. అంటే ప్రయాణమంతా 28 నిమిషాలు కూడా పూర్తిగా పట్టలేదు. పది గంటల ముప్పై నిమిషాలు భూమి గుండ్రంగా ఉన్నందుకు.

ఆ 28 నిమిషాలు మాత్రం నిజమైన ఆలస్యమే, అదంతా మూడో ముద్రకూ నాలుగో ముద్రకూ మధ్యనే. తప్పు మూడో సర్వర్‌ది అని తీర్పు ఇవ్వడానికి లేదు. పరిచయం లేని చోటునుంచి మొదటిసారి మెయిల్ వస్తే "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని వెనక్కి పంపే అలవాటు కొన్ని సర్వర్లకు ఉంది. చెత్త మెయిళ్ళు పంపేవాళ్ళు మళ్ళీ రారు, నిజమైన సర్వర్ వస్తుంది అని దాని ఆశ. రాలేదో, రానివ్వలేదో ఆ రెండు సర్వర్ల చిట్టాలు పక్కపక్కన పెడితేనే తేలుతుంది. మీ అబ్బాయి పంపింది పుట్టినరోజు శుభాకాంక్షలే కాబట్టి విచారణ సంఘం వేయవద్దు.

ఒక హెచ్చరిక. మీ సొంత మెయిల్ సంస్థ వేసిన పై ముద్రలను నమ్మవచ్చు. కింది ముద్రలను మోసగాడు తానే రాసి పంపవచ్చు. బ్యాంకు పేరుతో వచ్చే మెయిళ్ళలో అడుగు వరుస చూసి నిజమేననుకోకండి.

ప్రశ్న: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా వ్యవస్థలో ఒక ఆర్డర్ ఏడు సర్వీసులు, అంటే తలా ఒక పని చేసే ఏడు ప్రోగ్రాములు, దాటాలి, మధ్యలో సందేశాలు వరుసలో వేచి ఉండే క్యూ ఒకటి ఉంది. రోజుకు రెండో మూడో ఆర్డర్లు మాయమవుతున్నాయి. ప్రతి సర్వీసుకూ లాగ్ (ఏది ఎప్పుడు జరిగిందో రాసుకునే చిట్టా) ఉంది, కానీ కలిపి చదివితే అయిదో సర్వీసు అందుకున్న సమయం, నాలుగోది పంపిన సమయం కంటే ముందు ఉంటోంది! దేన్ని నమ్మాలి?
— తెలుగు పాఠకుడు, బెంగళూరు

జవాబు: గడియారాలను నమ్మవద్దు బాబూ. పంపడం ఎప్పుడూ అందుకోవడానికి ముందే. ఈ చిన్న మాట మీద కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లో ఒక శాస్త్రమే కట్టాడు. నీ లాగ్ అందుకు విరుద్ధంగా చెబుతోందంటే ఆ రెండు యంత్రాల గడియారాలలో ఒకటి తప్పు. ముందు అన్నింటినీ ఒకే కాల సర్వర్‌తో సరిచేయించు. ఆ తర్వాత కూడా మిల్లీసెకన్ల తేడా ఉంటుంది, దాన్ని పట్టుకుని ఎవరినీ నిందించకు.

అసలు కావలసింది ప్రతి ఆర్డర్‌కూ పుట్టుకతోనే ఒక సంఖ్య. మేము టెలిప్రింటర్ల మీద పనిచేసే రోజుల్లో ప్రతి లైనుకూ వరుస సంఖ్య ఉండేది. 47 తర్వాత 49 వస్తే చేతిలో టీ వదిలేసి, 48 ఏదని అవతలి ఊరిని అడగాలి. పోయిందని ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగేవాళ్ళం కాదు. నీకు రెండూ కావాలి: పుట్టిన చోటునుంచి చివరిదాకా మారని సంఖ్య ఒకటి, ఒక్కో గడప దగ్గర కొత్తగా పడే సంఖ్య ఒకటి. 2020లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఖాయం చేసిన పద్ధతిలో మొదటిది పదహారు మూలంగా 32 అంకెలు, రెండోది 16. దాన్నే వాడు, సొంతంగా ఇంకొకటి కనిపెట్టకు.

ఆ సంఖ్య ఎక్కడ జారిపోతుందో నేను పందెం కాసి చెప్పగలను: ఆ క్యూ దగ్గర. సర్వీసు నుంచి సర్వీసుకు నేరుగా పిలిచినప్పుడు సంఖ్యను వెంట తీసుకుపోయే లైబ్రరీలు, అంటే తయారుగా దొరికే ప్రోగ్రామ్ ముక్కలు, ఉంటాయి. క్యూలో వేసేటప్పుడు దాన్ని సందేశం లోపలే రాయాలి, మోస్తున్న కూలీ జేబులో కాదు. ఎందుకంటే అవతల దింపుకునే కూలీ వేరు. విఫలమై మళ్ళీ ప్రయత్నించినప్పుడు పాత సంఖ్యే ఉంచి, ఎన్నో ప్రయత్నమో పక్కన రాయి. క్యూకు ఒక చెత్తబుట్ట ఉంటుంది, చదవలేక పక్కన పడేసిన సందేశాలు అందులో చేరతాయి. దాన్ని తెరిచి చూశావా? నీ రెండో మూడో ఆర్డర్లు అక్కడ ప్రశాంతంగా కూర్చుని ఉండవచ్చు.

ఇంకో చిక్కు. గూగుల్ తన జాడ తీసే వ్యవస్థ డాపర్ గురించి 2010లో ప్రకటించినప్పుడు, మొదట్లో 1024 అభ్యర్థనలలో ఒక్కదాని జాడే పట్టేవారని రాసింది. వేగం ఎక్కడ తగ్గుతోందో తెలుసుకోవడానికి అది చాలు. మాయమైన రెండింటిని పట్టుకోవడానికి చాలదు, నమూనాలో అవి పడవు. కాబట్టి జాడ పూర్తి వివరాలు కొన్నింటికే ఉన్నా, "వచ్చింది, వెళ్ళింది" అన్న ఒక్క వరుస మాత్రం ప్రతి ఆర్డర్‌కూ ప్రతి గడప దగ్గరా ఉండాలి. వచ్చినవాటి సంఖ్య, వెళ్ళినవాటి సంఖ్య రాత్రికి సరిపోవాలి, కిరాణా కొట్టులో గల్లా లెక్క కట్టినట్టు. తేడా వచ్చిన గడపే నీ గడప.

ఆ వరుసలో సంఖ్య ఉంటే చాలు. కొన్నవాడి పేరు, ఫోను నంబరు, చిరునామా లాగ్‌లోకి ఎక్కించకు. మా నాన్నగారు లక్షల కవర్లు వేరుచేశారు, ఒక్కటి విప్పలేదు.

ఉత్తరం: గత సంచికలో మీరు పింగ్ అంటే ప్యాకెట్ ఇంటర్నెట్ గ్రోపర్ అని రాశారు. అది తర్వాత అతికించినది. సరిచేయగలరు.
— పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరే సరైనవారు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యం పరిశోధనశాలలో మైక్ మూస్ దాన్ని రాసినప్పుడు, జలాంతర్గామిని వెతికే సోనార్ చేసే చప్పుడు పేరే పెట్టాడు. సముద్రంలోకి "పింగ్" అని ఒక శబ్దం వదిలి, తిరిగి వస్తుందేమోనని వినడం. ఆ పొడుగు పేరు తర్వాత డేవిడ్ మిల్స్ అల్లినదట. కంప్యూటర్ గడియారాలను ఇంటర్నెట్ మీద సరిచేసే పద్ధతిని రూపొందించినాయనే. పైన బెంగళూరు బాబుకు సిఫారసు చేసింది ఆయన పనినే.

నౌకాదళం ఉన్న ఊరి నుంచి సోనార్ గురించి దిద్దించుకున్నందుకు నాకేమీ సిగ్గు లేదు.